ఉత్తరాంధ్ర తుపానులు, వార్తా మాధ్యమాలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో తుపాను వార్త చాలాకాలం తుపాను వెళ్లిపోయాకే వచ్చేది. 1914లో దినపత్రికగా మారిన ‘ఆంధ్రపత్రిక’ మద్రాసులో అచ్చయ్యేది. 1938లో మొదలైన ‘ఆంధ్రప్రభ’ కూడా అక్కడిదే. పెనుగాలికి టెలిగ్రాఫు తీగలు తెగితే కబురు మద్రాసు చేరడానికే ఆలస్యమయ్యేది, అచ్చయిన పత్రిక మళ్లీ రైలెక్కి రావాలి. తుపానుకు పేరు కూడా అది కొట్టిన చోటును బట్టి, కొట్టిన తర్వాతే పడేది: 1864 బందరు ఉప్పెన, 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను.

ముందే చెప్పడం రేడియోతో ఇంటింటికీ అలవాటైంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలయ్యాయి. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న వాక్యం ఏనాడూ వేటకు వెళ్లనివాళ్లకు కూడా కంఠతా వచ్చు. ఓడల రాకపోకలు ఏనాడో ఆగిపోయిన రేవులవి. సూచిక మాత్రం ఇప్పటికీ ఎగురుతుంది. నంబరు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందనేది 10 దాకా స్థూలంగా నిజమే. 11 అంటే అంతకన్నా పెద్ద గాలి అని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. నాలుగు వారాలైనా నిండకుండానే, నవంబరు 19న, దివిసీమ మునిగింది. దాదాపు పదివేలమంది పోయారు. ఎంత ఘోరం జరిగిందో బయటికి తెలియడానికే రోజులు పట్టింది. మూడేళ్ల ముందు విశాఖలో పుట్టిన ‘ఈనాడు’ పాఠకుల నుంచి విరాళాలు పోగుచేసి పాలకాయతిప్పలో ఇళ్లు కట్టించింది.

అదే పత్రిక 1989లో జిల్లా పేజీలు తెచ్చాక మండలాల పేర్లు అచ్చులో కనబడసాగాయి. జూట్ మిల్లు ఊరైన నెల్లిమర్లకు తుపాను వార్తలో దొరికే చోటు సాధారణంగా మండలాలవారీ వర్షపాతం పట్టికలో ఒక వరుస, లేదా చంపావతి పొంగిందన్న రెండు వాక్యాలు. ఆ నది ఎగువన ఆండ్ర జలాశయం నుంచి నెల్లిమర్ల మీదుగా కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ ఊరివాళ్లకు కావలసిన వార్త అలల ఎత్తు కాదు, ఏటి నీటిమట్టం.

ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు ముందే పేరు పెట్టడం 2004లో మొదలైంది. ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానెళ్లు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. పేరు దొరికాక పుట్టకముందే తుపాను పతాక శీర్షికకు ఎక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. అది ఒమన్ ఇచ్చిన పక్షి పేరు. కెమెరాలున్న నగరం కావడంతో దేశమంతా చూసింది. కరెంటు పోయి, సెల్ టవర్లు కూలి, చూడలేకపోయింది విశాఖ, విజయనగరం వాళ్లే. పాత బ్యాటరీ ట్రాన్సిస్టర్ విలువ అప్పుడు తెలిసింది.

నాలుగేళ్లకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. పేరుకు సీతాకోకచిలుక. విశాఖకు దొరికినంత తెరకాలం ఉద్దానానికి దొరకలేదనే చెప్పాలి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కెమెరాలు అన్నాళ్లు ఆగవు.

గొడుగు తిరగబడుతుండగా బీచ్‌లో నిలబడి మాట్లాడే విలేకరికి ‘తీరం దాటింది’ అన్న మాటతో పని అయిపోతుంది. లోపలి ఊళ్లకు వాన మొదలయ్యేది తరచు ఆ తర్వాతే. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖ, విజయనగరం జిల్లాలను ముంచిన కుండపోత మర్నాటికి లెక్కకు వచ్చింది. దాని శేషం దక్కను మీదుగా అరేబియా సముద్రంలోకి దిగి మళ్లీ బలం పుంజుకుంది, షహీన్ అని కొత్త పేరు పెట్టుకుంది, అక్టోబరు 3న ఒమన్ తీరం దాటింది.