చంటిబిడ్డ పాల వేళలు, నిద్ర వేళలు

చంటిబిడ్డ పాలు తాగడం, నిద్రపోవడం రోజూ ఇంచుమించు ఒకే వరుసలో సాగేలా ఇంట్లో చేసే అలవాటును పాల వేళలు, నిద్ర వేళలు అంటారు. వేళలు అనగానే గడియారం గుర్తొస్తుంది గానీ, మొదటి రెండు మూడు నెలల్లో బిడ్డకు దానితో పనిలేదు. దేని తరువాత ఏది వస్తుందన్న వరుస ముందు కుదురుతుంది, గంటలు దాని వెనకాల వస్తాయి.

రాత్రీ పగలూ

అప్పుడే పుట్టిన బిడ్డ రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, అదీ ముక్కలు ముక్కలుగా. దాదాపు సగం కలత నిద్రే. దేవుడు నవ్విస్తున్నాడని పెద్దవాళ్ళు మురిసిపోయేది ఈ నిద్రలోనే: మూతి కదులుతుంది, చిన్న మూలుగు వినిపిస్తుంది, ఒక కన్ను తెరుచుకుని మూసుకుంటుంది. లేచిందనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తుంది. ఒక నిమిషం చెయ్యి వెయ్యకుండా చూస్తే చాలాసార్లు తనే మళ్ళీ పడుకుంటుంది.

కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి నుంచి అందిన మెలటోనిన్ అనే నిద్ర హార్మోను పుట్టాక ఆగిపోతుంది. బిడ్డ శరీరం రాత్రిపూట సొంతంగా దాన్ని తయారుచేసుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి పగలంతా పడుకుని రాత్రంతా మేలుకునే బిడ్డకు జబ్బేమీ లేదు. పగలు కిటికీ తెరిచి, ఇంటి చప్పుళ్ళ మధ్యే ఉంచాలి. రాత్రి పాలిచ్చేటప్పుడు, గుడ్డలు మార్చేటప్పుడు చిన్న దీపం చాలు, ముచ్చట్లు వద్దు.

పాలు

మొదటి రోజు బిడ్డ పొట్ట చెంచాడు ముర్రుపాలకే నిండుతుంది. తల్లిపాలు త్వరగా అరుగుతాయి కాబట్టి తొలివారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాల్సి వస్తుంది. తల అటూ ఇటూ తిప్పి నోటితో వెతకడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం ఆకలి గుర్తులు. ఏడుపు ఆఖరిది. గుక్కపట్టి ఏడ్చే బిడ్డకు ముందు ఊరడింపు కావాలి, ఆ తరువాతే రొమ్ము పడుతుంది.

సాయంత్రం పూట చాలామంది పిల్లలు అరగంటకోసారి పాలకు వస్తారు. ‘పాలు చాలడం లేదమ్మా’ అన్న మాట ఇంట్లో పుట్టేదీ, డబ్బా పాలు గడప దాటి వచ్చేదీ ఎక్కువగా ఆ వేళలోనే. కొలత వేరే ఉంది: ఐదారు రోజులు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టిన నాటి బరువుకు చేరితే పాలు చాలుతున్నట్టే. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూడాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డనూ, పచ్చకామెర్లున్న బిడ్డనూ మూడు గంటలు దాటకుండా లేపి మరీ పాలివ్వాలి. ఆరు నెలల దాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, నడి వేసవిలో అయినా సరే.

గడియారం ఎక్కడిది

కచ్చితమైన గంటల పట్టిక పాశ్చాత్య వైద్యులది. అమెరికాలో లూథర్ ఎమ్మెట్ హోల్ట్ 1894లో పిల్లల పోషణపై అలాంటి పట్టికతో పుస్తకం రాశారు. న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ 1907లో ప్లంకెట్ సొసైటీని నెలకొల్పి, నాలుగు గంటలకోసారే పాలు, రాత్రిపూట అసలు వద్దు అని ప్రచారం చేశారు. 1946లో బెంజమిన్ స్పాక్ రాసిన పిల్లల పెంపకం పుస్తకం ఆ పట్టు సడలించింది. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వాలన్న మాట 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తల్లిపాలను ప్రోత్సహిస్తూ ప్రకటించిన పది మెట్లలో చేరింది. మన పల్లెల్లో బాలింతలు అంతకు ముందు నుంచీ చేస్తున్నది అదే.

తెలుగింటి వరుస

నూనె రాసి, చాచిన కాళ్ళ మీద బోర్లా వేసుకుని వేణ్ణీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, పాలిచ్చి, జోకొట్టడం. అమ్మమ్మ ఏ పట్టికా చూడకుండా రోజూ నడిపే ఈ వరుసను మించిన దినచర్య పుస్తకాల్లోనూ లేదు. కొన్నాళ్ళకే స్నానం అయ్యీ కాకముందే బిడ్డ కళ్ళు వాలిపోతాయి. అయితే ఇందులో అంతా మంచే అనలేం. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు పడదు. వస, ఆముదం, తేనె నాకించకూడదు. తేనె ఏడాది నిండే దాకా ప్రమాదమే. చీర ఉయ్యాలలో మెడ ముందుకు వంగిపోతుంది కనుక, నిద్రకు గట్టి చదును పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం.

మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని తల్లి అత్తవారింటికి వెళ్తుంది. సరిగ్గా నాలుగో నెల ప్రాంతంలో నిద్ర తీరు మారి, కుదిరిన పిల్లలు కూడా రాత్రుళ్ళు మళ్ళీ లేస్తారు. నింద కొత్త ఇంటి మీదో, దిష్టి మీదో పడుతుంది. ఆ ఇంట్లోనూ స్నానం, పాలు, జోల అదే వరుసలో సాగిస్తే, కొన్ని వారాల్లో చాలామంది తిరిగి కుదుటపడతారు. రాత్రి లేచిన బిడ్డను జోకొట్టే పని అప్పుడు తండ్రికీ అప్పగించవచ్చు, పాలివ్వడం తప్ప తక్కినవన్నీ అతని చేతనవుతాయి.