లాగుడు

రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతూ కారు డీలా పడితే, డ్రైవరు 'హార్స్‌పవర్ చాల్లేదు' అనడు. 'బండి లాగట్లేదు' అంటాడు. ఎడ్లబండి కాలం నాటి మాట. నాకు అదే సరైన మాట అనిపిస్తుంది.

అశ్వశక్తి కూడా లాగుడులోంచే పుట్టింది మరి. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాలకు సాటో కొనేవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. మిల్లు తిప్పే గుర్రం పనిని లెక్కగట్టి, నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లని తేల్చాడు. ఇప్పటి కొలతలో 746 వాట్లు. ఆ 'వాట్' కూడా ఆయన పేరే. మన పాఠ్యపుస్తకాలు అశ్వశక్తి అన్నాయి, రైతు '5 హెచ్‌పీ మోటారు' అన్నాడు.

1197 సీసీ, నాలుగు సిలిండర్ల పాత స్విఫ్ట్ పెట్రోలు ఇంజన్‌కు దాదాపు 83 గుర్రాలు. కానీ అవన్నీ కదిలేది 6000 ఆర్‌పీఎం దగ్గర. లాగుడును (టార్క్‌ను) చుట్ల వేగంతో గుణిస్తేనే అశ్వశక్తి. కాబట్టి దాన్ని పెంచాలంటే టర్బోతో ఎక్కువ గాలి నింపాలి, లేదా రేసు క్యామ్‌షాఫ్ట్ వేసి చుట్లు పెంచాలి. రెండోది కింది చుట్లలో లాగుడును తగ్గిస్తుంది. మలుపుల ఘాట్‌లో కావలసింది ఆ లాగుడే కదా! ముందు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మార్చండి, ప్లగ్గులు చూడండి, మలుపుకు ముందే గేరు తగ్గించండి.