వర్జీనియా ఆకు: నేల రుచి, నిలువ రుచి

నిలువచేసిన వర్జీనియా పొగాకులను పైపులో పోల్చి చూచు రసికులు సాధారణముగ డబ్బాపై నున్న సంవత్సరమునే చూతురు. ఆకు పండిన నేలను విచారించువారు అరుదు. గుంటూరు నల్లరేగడి ఆకునకు పేరు రాకపోవుటకు ఈ అలవాటు కొంత కారణమని నా తలంపు. (పొగ త్రాగుట ప్రాణహానికరమని వైద్యశాస్త్రము నిర్ధారించినది; నా ప్రసంగము ఆకు చరిత్రకే పరిమితము.)

వర్జీనియా అనునది దేశము పేరుగ పుట్టినను, ఇప్పుడొక ఆకు జాతికిని, దాని నారబెట్టు పద్ధతికిని పేరైనది. 1839లో ఉత్తర కరోలినాలో స్లేడ్ కుటుంబపు పొలమున స్టీఫెన్ అను బానిస బొగ్గుల వేడిమితో ఆకును పసుపుపచ్చగ దింపెనని ప్రతీతి. ఆ పసుపు ఆకు 1920 ప్రాంతమున గుంటూరు సీమకు వచ్చినది. 1928 నుండి బ్యారన్లు వెలసి సేద్యము విస్తరించినది. 1919లో బ్రిటను తన సామ్రాజ్యపు ఆకునకు సుంకము తగ్గించుట దీనికి ఊతమైనది.

బ్యారనులో వేడి గొట్టముల వెంట సాగును. పొగ ఆకును తాకదు. అయిదారు దినములలో ఆకులోని పిండిపదార్థము చాలవరకు చక్కెరగ మారును. పిదప తేమను పదిపన్నెండు శాతమునకు దించి, బిగించి, ఒకటి రెండేండ్లు ఉంచినచో చక్కెరలును నత్రజనిగల పదార్థములును మెల్లగ కలిసి మార్పు చెందును. నిమ్మపండు ఛాయ నారింజకును, ఆపై కపిలవర్ణమునకును తిరుగును. ఎండుగడ్డి వాసన తగ్గి ఎండుద్రాక్షయు, బెల్లపు పాకమును తోచును. నాలుకపై చురుకు శమించును.

నల్లరేగడిలో శీతకాలమున, నేలలోని పదనుమీదనే పండు ఆకునకు పరిమళము తక్కువ. ఇతర ఆకులతో కలిపి పరిమాణము నింపుటకే దానిని విశేషముగ కొనిరి. మైసూరు సీమలో హుణసూరు, పిరియాపట్టణ ప్రాంతముల తేలిక నేలలలో వానలకు పండునది కొంత పరిమళము గలది. రెంటిని ఒకే తేమకు తెచ్చి, ఒకే తీరున తరిగి, సమానకాలము నిలువచేసి పోల్చిననే నేల గుణమేదో, వయస్సు గుణమేదో తెలియును. నిలువ కారము నణచును, ఉన్న తీపిని ముదిరించును. నేల ఈయని పరిమళమును అది ఈయజాలదు.

తెలుగువారికి ఈ వివేచన క్రొత్త కాదు. యానామునకు ఎగువనున్న గోదావరి లంకలలో పండిన చుట్టాకు నేల పేరుతోనే అమ్ముడుపోయెను. ఆ లంక పేరు 1890 నాటి కోనన్ డాయిల్ నవలకును ఎక్కినది. ఓడలకొలది ఎగుమతియైన గుంటూరు ఆకు మాత్రము పరుల డబ్బాలలో పేరులేక కలిసిపోయినది. 1984లో కర్ణాటకమునను, 1985లో ఆంధ్రమునను వేలములు ఆరంభమైనవి. పొగాకు బోర్డు లెక్కలలో నల్లరేగడి, తేలిక నేల, కర్ణాటక తేలిక నేల అను విభాగములు కలవు. పైపు పొగాకు డబ్బాలపై మాత్రము ఆ మాటలు అరుదు.