పగ్ జాతి కుక్కల దత్తత

పగ్ జాతి కుక్కల దత్తత అనగా యజమానులు వదలివేసిన లేదా పెంపకందారుల వద్ద నుండి రక్షింపబడిన పగ్ కుక్కను జంతు ఆశ్రయ కేంద్రము నుండి స్వీకరించి ఇంట పెంచుకొనుట. జాతి కుక్క కావలెనన్న కోరిక ఉన్నవారికి కొనుగోలుకు ఇది ప్రత్యామ్నాయము. భారతదేశపు నగరాలలోని ఆశ్రయ కేంద్రాలకు ఊరకుక్కలతోపాటు చేరుతున్న చిన్న జాతి కుక్కలలో పగ్‌లు కూడా ఉన్నాయి.

నేపథ్యము

పగ్ చైనాలో పుట్టిన పురాతన జాతి. 16వ శతాబ్దములో ఐరోపాకు చేరి, హాలెండు, ఇంగ్లాండు రాజకుటుంబాల ఆదరణ పొందినది. జాతి ప్రమాణాల ప్రకారము దీని బరువు 6.3 నుండి 8.1 కిలోగ్రాములు. చదునైన ముఖము, నుదుటి ముడతలు, చుట్టుకొన్న తోక దీని గుర్తులు.

2003లో హచ్ మొబైల్ సంస్థ విడుదల చేసిన ప్రకటనలో ఒక బాలుని వెంట ఎక్కడికైనా నడిచే పగ్ కనిపించినది. ఆ తరువాత ఈ జాతి భారతదేశములో ఇంటింటా తెలిసినదైనది, గిరాకీ పెరిగినది. అయితే ముద్దుగా ఉన్నదని కొన్నవారిలో కొందరికి దీని ఆరోగ్య సమస్యలు, వైద్య ఖర్చు ముందుగా తెలియవు. బదిలీలు, ఇల్లు మారడము, ఇంటిలో పసిపాప పుట్టడము, కుక్కకు చర్మవ్యాధి రావడము వంటివి వదలివేతకు సాధారణ కారణాలు. ఈనడానికి పనికిరాని వయసు వచ్చిన ఆడకుక్కలను వదిలించుకొనే పెంపకందారులు కూడా ఉన్నారు.

ఆరోగ్య సమస్యలు

దత్తత కోరేవారు మొట్టమొదట తెలుసుకోవలసినది శ్వాస సమస్య. పుర్రె పొట్టిదైనను లోపలి మెత్తని కండర భాగాలు ఆ మేరకు తగ్గవు. అందువలన ముక్కు రంధ్రాలు, గొంతు ఇరుకగును. గురక, ఆయాసము ఈ జాతికి సహజమని చాలామంది భావిస్తారు, కాని అవి వ్యాధి లక్షణాలు. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కళాశాల 2022లో ప్రచురించిన అధ్యయనము పగ్‌ల ఆరోగ్యము ఇతర కుక్కల ఆరోగ్యమునకు ఎంతో భిన్నముగా ఉన్నదని, వాటిని ఇక సాధారణ కుక్కగా పరిగణించలేమని పేర్కొన్నది.

కుక్కలు ప్రధానముగా నాలుక చాచి వగర్చుట ద్వారా ఒంటి వేడి తగ్గించుకొంటాయి. పగ్ ఆ పని సరిగా చేయలేదు. కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని వేసవి ఎండలు దీనికి ప్రాణాంతకము కావచ్చును. పైకి పొడుచుకొని వచ్చిన కళ్ళకు తేలికగా గాయాలగును. ముఖపు ముడతలలో తేమ నిలిచి చర్మము పుండ్లు పడును. స్థూలకాయము శ్వాస ఇబ్బందిని మరింత పెంచును.

దత్తత విధానము

హైదరాబాదులో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు జంతువులను రక్షించి దత్తతకు ఇస్తున్నాయి. విధానము సంస్థను బట్టి మారినను సాధారణముగా ఈ దశలు ఉంటాయి.

• దరఖాస్తు, కుటుంబ సభ్యులందరి అంగీకారము. అద్దె ఇల్లయితే యజమాని సమ్మతి.
• కుక్కను ఒకటికి రెండుసార్లు చూచి, దానితో కొంతసేపు గడుపుట. కొన్ని సంస్థలు ఇంటిని కూడా పరిశీలిస్తాయి.
• రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల వివరాల పరిశీలన. సంతాన నిరోధక శస్త్రచికిత్స జరగనిచో జరిపించెదమను హామీ.
• పెంచలేని పక్షమున తిరిగి కేంద్రానికే అప్పగించెదమను ఒప్పందముపై సంతకము.

జాతి ధ్రువపత్రాలు సాధారణముగా లభించవు. వయసును పళ్ళను బట్టి పశువైద్యులు అంచనా వేస్తారు. పిల్లలకన్న పెద్ద కుక్కలే ఎక్కువగా లభిస్తాయి. వాటి స్వభావము, జబ్బులు ముందే తెలియడము ఒక సౌలభ్యము.

ఇంటికి తెచ్చిన తరువాత

మొదటి కొద్ది రోజులు కుక్క బెదరి, తిండి మానవచ్చును. ఇంటి పద్ధతులకు అలవాటు పడుటకు కొన్ని వారాలు, పూర్తి నమ్మకము కుదురుటకు కొన్ని నెలలు పట్టవచ్చును. ఈ కాలములో బంధువుల రాకపోకలు, అరుపులు తగ్గించుట మేలు.

మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే పట్టీ వాడవలెను, మెడపై ఒత్తిడి పడిన శ్వాస కష్టమగును. వేసవిలో తెల్లవారుజామున, చీకటి పడిన తరువాత మాత్రమే నడిపించవలెను. ముఖపు ముడతలను తడిగుడ్డతో తుడిచి పొడిగా ఆరనివ్వవలెను. నాలుక నీలిరంగుకు తిరిగిన, లేదా కుక్క తూలి పడిన వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోసి, గాలి తగులునట్లు చేసి, పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

చట్టములు

1960 నాటి జంతుహింస నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము, ఆకలిదప్పులతో బాధపడు పరిస్థితిలో జంతువును సరైన కారణము లేకుండా వదలివేయుట నేరము. కాని మొదటి నేరానికి జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. 2017 నాటి కుక్కల పెంపకము, అమ్మకము నియమాల ప్రకారము పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. 8 వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. ఇంటిలో కుక్కను పెంచుటకు పలు నగరపాలక సంస్థల లైసెన్సు అవసరము.

విమర్శ

పొట్టి ముక్కు జాతులను పుట్టించుటయే హింస అని పలువురు పశువైద్యుల అభిప్రాయము. ముక్కు మరీ పొట్టిగా ఉన్న కుక్కల సంతానోత్పత్తిపై నెదర్లాండ్స్ ఆంక్షలు విధించినది. పగ్‌ను దత్తత తీసుకొని దాని ఛాయాచిత్రాలను ప్రచారము చేసినను కొత్త గిరాకీ పుట్టునని కొందరి వాదన. ఇప్పటికే పుట్టిన కుక్కకు ఇల్లు దొరకుట అవసరమని, కొనుగోలు వలె దత్తత పెంపకందారునికి లాభము చేకూర్చదని సంరక్షకుల సమాధానము.

ఇవి కూడా చూడండి

• కుక్క
• రేబిస్
• అక్కినేని అమల