డోర్ట్ మహాసభ: దైవ ఎన్నికపై తెగని వివాదం

రక్షణ పొందేవారు ఎవరన్నది దేవుడు సృష్టికి ముందే నిర్ణయించాడా? లేక ఆ రక్షణను స్వీకరించే, నిరాకరించే స్వేచ్ఛ మనిషికి ఉందా? క్రైస్తవ వేదాంతంలోని అతి పాత వివాదాల్లో ఇది ఒకటి. దీనిపై ప్రొటెస్టెంటు సంఘాల నుంచి వెలువడిన అత్యంత వివరమైన తీర్పు డోర్ట్ మహాసభ నిర్ణయాలు. నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్ నగరంలో 1618 నవంబరు 13న ప్రారంభమైన ఆ సభ 1619 మే నెల వరకు సాగింది. ఆ నగరాన్నే క్లుప్తంగా డోర్ట్ అంటారు.

వివాదం అప్పటికే వెయ్యేళ్లకు పైబడినది. మనిషి తన సంకల్పబలంతో పాపానికి దూరంగా జీవించగలడని పెలాగియస్ బోధించగా, ఆదాము పతనం తరువాత దైవకృప లేనిదే మానవ సంకల్పం మేలు వైపు తిరగజాలదని ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ (354–430) వాదించాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను ఖండించింది. 529లో ఆరెంజ్ సభ కృపకే ప్రాథమ్యమని ప్రకటించింది. అయితే కొందరిని దేవుడే కీడుకు ముందుగా నియమించాడన్న భావనను ఆ సభే తిరస్కరించింది. పదహారో శతాబ్దంలో ఎరాస్మస్‌కు జవాబుగా మార్టిన్ లూథర్ 1525లో సంకల్పదాస్యంపై గ్రంథం రాశాడు. జాన్ కాల్విన్ 1559 నాటి తన 'ఇన్‌స్టిట్యూట్స్' తుది కూర్పులో ఈ సిద్ధాంతానికి స్థిరరూపం ఇచ్చాడు.

రోమీయులకు రాసిన పత్రికలోని తొమ్మిదో అధ్యాయం ఈ చర్చకంతటికీ కేంద్రం. యాకోబు, ఏశావు ఇంకా పుట్టకముందే ఒకరిని దేవుడు ఎన్నుకొన్నాడని, కుమ్మరికి మట్టిపై ఉన్న అధికారం వంటిది దేవునికి మనుషులపై ఉందని పౌలు అక్కడ అంటాడు. మనుషులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని ఇచ్ఛ అని తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం చెబుతుంది. ఇరుపక్షాలకూ రెండు వాక్యాలూ ప్రమాణాలే. దేని వెలుగులో దేనిని చదవాలన్న దగ్గరే చీలిక.

జేకబస్ అర్మీనియస్ జెనీవాలో కాల్విన్ వారసుడు బీజా వద్ద చదివినవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేనేళ్లు సంఘకాపరిగా పనిచేసి 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. విశ్వసించేవారెవరో దేవునికి ముందే తెలుసు కనుక వారిని ఎన్నుకొన్నాడని అతడు బోధించాడు. మనిషి తనంతట తానుగా దేవుని వైపు తిరగగలడని అతడు అనలేదు. కృపే ముందు రావాలి, అయితే దానిని మనిషి కాదనగలడు అన్నాడు. అర్మీనియస్‌ను పెలాగియస్ శిష్యుడిగా చూపించడం నేటికీ కనిపించే పొరపాటు. అతని సహాచార్యుడు గొమారస్ వాదం దీనికి పూర్తిగా భిన్నం. మనిషి పతనాన్ని అనుమతించాలన్న నిర్ణయం కంటే ముందే దేవుని మనసులో ఎన్నిక జరిగిందన్నది అతని మాట. అదే నిజమైతే పాపానికి కర్త దేవుడే కాడా అని అర్మీనియస్ అడిగాడు. ఎన్నిక విశ్వాసంపై ఆధారపడితే రక్షణలో ఘనత మనిషికి దక్కదా అన్నది ఎదుటివారి ప్రశ్న.

అర్మీనియస్ 1609లో మరణించాడు. మరుసటి ఏడాది అతని అనుయాయులు అయిదు అంశాలతో ప్రభుత్వానికి విన్నపం సమర్పించి, 'రెమాన్‌స్ట్రంట్లు'గా పేరుపడ్డారు. నిజవిశ్వాసి కృప నుంచి పూర్తిగా జారిపోగలడా అన్న అయిదో అంశంపై వారు తుది మాట చెప్పకుండా, మరింత పరిశీలన అవసరమన్నారు.

డోర్ట్‌లో జరిగినది వేదాంత చర్చ మాత్రమే కాదు. రెమాన్‌స్ట్రంట్లకు అండగా నిలిచిన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్, సేనానాయకుడైన యువరాజు మారిస్ అప్పటికే అధికార పోరులో ఉన్నారు. సభ మొదలయ్యేనాటికి ఓల్డెన్‌బార్నెవెల్ట్ ఖైదీ. ఇంగ్లండ్, జెనీవా, స్విట్జర్లాండ్, జర్మన్ సంస్థానాల ప్రతినిధులు సభకు వచ్చారు. ఫ్రెంచి ప్రతినిధులను వారి రాజు రానివ్వలేదు. ఎపిస్కోపియస్ నాయకత్వంలోని రెమాన్‌స్ట్రంట్లను సభ సాటి సభ్యులుగా కాక, జవాబు చెప్పుకోవలసినవారిగా పిలిచి, 1619 జనవరిలో వెళ్లగొట్టింది. సుమారు రెండు వందల మంది బోధకులు పదవులు కోల్పోయారు. మే 13న 71 ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు హేగ్‌లో శిరచ్ఛేదం జరిగింది. యావజ్జీవ ఖైదు పడిన న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ 1621లో పుస్తకాల పెట్టెలో దాగి లూవెస్టైన్ కోట నుంచి తప్పించుకొన్నాడు.

సభ నిర్ణయాలు మాత్రం, అవి వెలువడిన వాతావరణంతో పోలిస్తే, సంయమనంతో కూడినవి. ఎన్నిక బేషరతు అనీ, కృప ఫలించి తీరుతుందనీ, దేవుడు ఎన్నుకొన్నవారిని చివరిదాకా నిలుపుతాడనీ అవి చెప్పాయి. అయినా గొమారస్ తీవ్రవాదాన్ని సభ తన మాటగా స్వీకరించలేదు. పతనమైన మానవజాతి నుంచే దేవుడు కొందరిని ఎన్నుకొన్నాడంది. క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకూ చాలినదే అని ఒప్పుకొంటూ, సువార్తను ఏ భేదమూ లేకుండా అన్ని జాతులకూ ప్రకటించాలంది. పసితనంలోనే మరణించిన బిడ్డల ఎన్నికను దైవభక్తిగల తల్లిదండ్రులు సందేహించరాదన్న నిబంధన కూడా అందులోనే ఉంది. పసిబిడ్డల మరణాలు ఇంటింటా సాధారణమైన ఆ కాలంలో ఈ సిద్ధాంతం ఏ ఇళ్లలో ఎలా వినిపిస్తుందో సభికులకు తెలుసు.

1625లో మారిస్ మరణానంతరం రెమాన్‌స్ట్రంట్లు తిరిగివచ్చారు. వారి సంఘం నేటికీ నెదర్లాండ్స్‌లో ఉంది. ఇంగ్లండ్‌లో ఇదే వివాదం మెథడిస్టులను చీల్చింది. ముందస్తు నిర్ణయం నిజమైతే బోధన వ్యర్థమే కదా అని జాన్ వెస్లీ వాదించాడు. కాల్విన్ పక్షాన నిలిచిన జార్జ్ విట్‌ఫీల్డ్ ఆయనకు బహిరంగ లేఖతో బదులిచ్చాడు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ మరణించినప్పుడు లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసినది వెస్లీయే.

వెస్లీ లేవనెత్తిన ప్రశ్న కాల్విన్ మార్గీయులైన 'పర్టిక్యులర్' బాప్టిస్టులకూ తప్పలేదు. కృప పొందనివారికి విశ్వసించే బాధ్యతే లేదు కనుక అందరినీ క్రీస్తు వద్దకు ఆహ్వానించడం తగదని వారిలో ఒక వర్గం భావించేది. కెటరింగ్ సంఘకాపరి ఆండ్రూ ఫుల్లర్ 1785లో ప్రచురించిన గ్రంథంలో దీనిని ఖండించాడు. మనిషి నిస్సహాయత కాళ్లు లేనివాడి నిస్సహాయత వంటిది కాదని, అది ఇష్టంలేమి అని, కనుక ప్రతి ఒక్కరినీ విశ్వాసానికి పిలవవచ్చని, పిలవాలని అతని వాదన. బేషరతు ఎన్నికను మాత్రం ఫుల్లర్ వదులుకోలేదు. 1792లో అతడు కార్యదర్శిగా బాప్టిస్టు మిషనరీ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది విలియం కేరీ బెంగాల్ చేరుకొన్నాడు. 1818లో తెలుగు కొత్త నిబంధనను అచ్చువేసిన సిరాంపూర్ ముద్రణాలయం కేరీ బృందానిదే.

తెలుగునాట రెండు పాయలూ వేరువేరు మిషన్ల ద్వారా చేరాయి. మెదక్ ప్రాంతంలో వెస్లీయన్ మెథడిస్టులు, రాయలసీమలో కాల్విన్ సంప్రదాయంలో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలు ఆంగ్లికన్లతో కలిసి ఒకటయ్యాయి. ఆ ఐక్యతకు లేఖనాలను, అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణాలను ప్రాతిపదికగా తీసుకొన్నారు; ఎన్నిక విషయంలో కాల్విన్ పక్షమో, వెస్లీ పక్షమో వహించాలన్న షరతు పెట్టలేదు.