సైనిక పైలట్ సామర్థ్య పరీక్షలు: చరిత్ర, సన్నద్ధత

విమానం నడపడం నేర్పిస్తే అభ్యర్థికి అబ్బుతుందా లేదా అన్నది నేర్పడానికి ముందే అంచనా కట్టేందుకు సైన్యాలు పెట్టే పరీక్షలివి. వీటిలో చదువుకు పెద్దగా మార్కులుండవు. కన్ను చూసినదానికి చేయీ కాలూ ఎంత త్వరగా, ఎంత కుదురుగా స్పందిస్తాయి? డయళ్ల మీది ముళ్లు చూసి విమానం ఎటు ఒరిగిందో మనసులో ఊహించగలరా? మూడు పనులు ఒకేసారి మీద పడితే ఏదీ వదిలేయకుండా నెట్టుకురాగలరా? పరీక్షించేది వీటినే. భారత వైమానిక దళంలో చాలాకాలం పి.ఎ.బి.టి. (పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్ట్) పేరుతోనూ, ఇప్పుడు సి.పి.ఎస్.ఎస్. (కంప్యూటరైజ్డ్ పైలట్ సెలెక్షన్ సిస్టమ్) పేరుతోనూ జరుగుతున్నది ఈ కోవ పరీక్షే. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు కాబట్టి దీని చుట్టూ భయాలు, పుకార్లు, కోచింగ్ వ్యాపారం దండిగా పెరిగాయి.

తొలి ప్రయత్నాలు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి పైలట్‌ను ఎలా ఎంచుకోవాలో ఎవరికీ తెలియదు. బ్రిటిష్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో గుర్రపు స్వారీ వచ్చినవాళ్ల వైపు మొగ్గు ఉండేది. కళ్లెం పట్టిన చేతికి కంట్రోల్ స్టిక్ కూడా లొంగుతుందని నమ్మకం. ఫ్రాన్స్‌లో కామూ, నెప్పర్ అనే ఇద్దరు వైద్యులు అభ్యర్థికి తెలియకుండా పక్కన తుపాకీ పేల్చి, చేతి వణుకు, ఊపిరి, నాడి ఎలా మారాయో నమోదు చేసేవారు. బెదరనివాడే పైలట్ అన్నది వాళ్ల లెక్క. ఇటలీలో అగొస్తీనో జెమెల్లి అభ్యర్థులు ఎంత వేగంగా స్పందిస్తున్నారో కొలిచాడు. అమెరికాలో వైద్యులు అభ్యర్థిని కుర్చీలో కూర్చోబెట్టి గిరగిర తిప్పి, ఆపాక కనుగుడ్లు ఎంతసేపు కొట్టుకుంటాయో గడియారం పట్టుకుని చూసేవారు. లోపలి చెవి మీద పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బారనీ పేరుతోనే ఆ కుర్చీని పిలిచేవారు.

ఇవన్నీ ఊహ మీద కట్టిన పరీక్షలు. పరీక్షలో నెగ్గినవాళ్లు తరవాత నిజంగా బాగా ఎగిరారా అని సరిచూడాలన్న ఆలోచన 1917 తరవాత అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్, జార్జ్ స్ట్రాటన్, హెన్మన్ వంటి మనస్తత్వవేత్తల పనితో బలపడింది. అయితే వాళ్ల ఫలితాలు పూర్తిగా వాడకంలోకి రాకముందే యుద్ధం ముగిసింది, నిధులూ ఆగాయి. ఆ తరవాతి పదిహేనేళ్లలో గుర్తుంచుకోదగ్గది ఒక్కటే. టెక్సాస్‌లోని రాండాల్ఫ్ ఫీల్డ్‌లో నీలీ మాష్‌బర్న్ 1930ల మొదట్లో ఒక యంత్రం తయారుచేశాడు. ఎదురుగా బోర్డు మీద ఎర్ర దీపాలు వెలుగుతాయి. వాటికి సరితూగే ఆకుపచ్చ దీపాలు వెలిగేలా స్టిక్కునూ రడ్డర్ పెడళ్లనూ ఒకేసారి కదపాలి. ఆ తరవాత వచ్చిన ఎన్నో యంత్రాలకు ఇది వరవడి.

ఫ్లానగన్ లెక్క

రెండో ప్రపంచ యుద్ధం అమెరికా ముంగిట్లోకి వచ్చేసరికి వేలల్లో కాదు, లక్షల్లో వైమానిక సిబ్బంది కావలసివచ్చారు. అప్పటిదాకా క్యాడెట్‌కు రెండేళ్ల కాలేజీ చదువు తప్పనిసరి. 1942 జనవరిలో ఆ నిబంధన తీసేసి, దాని స్థానంలో రాత పరీక్ష పెట్టారు. దీని వెనక ఉన్నది 1941లో జాన్ ఫ్లానగన్ నాయకత్వంలో మొదలైన వైమానిక మనస్తత్వ శాస్త్ర కార్యక్రమం. రాత పరీక్ష దాటినవాళ్లకు మరో ఇరవై దాకా పరీక్షలు ఉండేవి. వాటిలో ఆరు యంత్రాల మీద జరిగేవి, మాష్‌బర్న్ పరికరం వాటిలో ఒకటి. అన్నిటినీ కలిపి అభ్యర్థికి 1 నుంచి 9 దాకా ఒక అంకె ఇచ్చేవారు. దానికి స్టానైన్ అని పేరు.

ఆ అంకె విలువ తేల్చిన తీరు ఈ చరిత్ర మొత్తంలోకీ ధైర్యమైన ఘట్టం. 1943లో వెయ్యి మందికి పైగా యువకులను, మార్కులు ఎలా ఉన్నా సరే, నేరుగా శిక్షణకు పంపారు. యుద్ధం జోరుగా సాగుతుండగా, తప్పుతారని ముందే అంచనా ఉన్నవాళ్లకు విమానాలిచ్చి చూడడం చిన్న నిర్ణయం కాదు. తప్పేవాళ్లనుకున్నవాళ్లు చాలావరకు తప్పారు. మామూలు శిక్షణార్థుల లెక్కల్లోనూ ఇదే కనిపించింది. ప్రాథమిక శిక్షణలో 9 వచ్చినవాళ్లలో వెనక్కి వెళ్లినవాళ్లు సుమారు 4 శాతమైతే, 1 వచ్చినవాళ్లలో సుమారు 77 శాతం. ఏ ఒక్క మనిషి గురించీ ఈ అంకె ఖాయంగా చెప్పలేదు. వందమంది గురించి మాత్రం బాగా చెప్పింది. ఇప్పటికీ ఈ పరీక్షల పరిమితి అదే, బలం కూడా అదే. ఈ కార్యక్రమం నివేదికలు 1947లో 19 సంపుటాలుగా వెలువడ్డాయి.

బ్రిటన్ పద్ధతి వేరు. అభ్యర్థిని ముందు టైగర్ మాత్ విమానంలో సుమారు 12 గంటలు ఎగరనిచ్చి, ఆ తరవాతే పైలట్‌గా పనికొస్తాడా, నావిగేటర్‌గానా అని తేల్చేది. పరీక్షలూ పెట్టింది కానీ చివరి మాట విమానానిదే. ఖరీదైనా ఇందులో నిజాయితీ ఎక్కువ.

యంత్రాలు అటకెక్కాక

విచిత్రంగా, యంత్రాల విలువను లెక్కలతో రుజువు చేసిన అమెరికాయే 1955లో వాటిని పక్కనపెట్టింది. పరీక్షా కేంద్రాలు దేశమంతా చెదిరిపోయాయి. యంత్రాలు అరిగాక అన్నిచోట్లా ఒకేలా కొలవడం కష్టమైంది. కాగితం పరీక్షే మిగిలింది. కంప్యూటర్ వచ్చాక, 1993లో గానీ చేతులూ కాళ్లతో చేసే పరీక్షలు మళ్లీ అధికారికంగా ఎంపికలోకి రాలేదు.

భారతదేశంలో

అధికారుల ఎంపికకు మనస్తత్వ పరీక్షలు వాడే సెలెక్షన్ బోర్డు 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది. నేటి సర్వీసెస్ సెలెక్షన్ బోర్డులకు (ఎస్.ఎస్.బి.) మూలం అదే. 1958లో అక్కడి వైమానిక దళ బోర్డు ముందుకు వెళ్లిన అబ్దుల్ కలామ్ 25 మందిలో తొమ్మిదో స్థానంలో నిలిచారు. తీసుకున్నది ఎనిమిది మందినే.

పి.ఎ.బి.టి.కి నమూనా బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ పరికరాలు. ఇందులో మూడు భాగాలుండేవి. మొదటిది రాత పరీక్ష. ఆల్టీమీటర్, దిక్సూచి, కృత్రిమ దిఙ్మండలం, వేగమాపకం వంటి డయళ్లను చదవడం, వాటినిబట్టి విమానం భంగిమను గుర్తించడం. దీనికి ముందు ఒక చిన్న పుస్తకం చేతికిచ్చి చదువుకోనిచ్చేవారు. రెండోది సెన్సరీ మోటార్ యంత్రం. స్టిక్కుతో, పెడళ్లతో తెర మీది చుక్కను చదరం దాటిపోకుండా పట్టి ఉంచుతూనే, మధ్యమధ్య వెలిగే దీపాలకూ మోగే శబ్దాలకూ ఎడమ చేత్తో జవాబివ్వాలి. మూడోది కంట్రోల్ వెలాసిటీ పరీక్ష. వంకరలు తిరుగుతూ దిగివచ్చే చుక్కల దారిని స్టిక్కుతో అందుకుంటూ పోవాలి. రాత పరీక్షలో తప్పినవాళ్లు యంత్రం ముట్టకుండానే ఇంటిదారి పట్టేవారు.

డి.ఆర్.డి.ఓ. రూపొందించిన సి.పి.ఎస్.ఎస్. 2010ల్లో దీని స్థానంలోకి వచ్చింది. చుక్కలు, పెడళ్ల పనితో పాటు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దిశాజ్ఞానం వంటివీ కంప్యూటర్ మీద కొలుస్తారు. తెలుగు అభ్యర్థుల్లో చాలామందికి ఈ పరీక్ష పేరు చెప్పగానే తట్టేది మైసూరులోని వైమానిక దళ సెలెక్షన్ బోర్డు. డెహ్రాడూన్, గాంధీనగర్, వారణాసి, కాంచ్రపాడాల్లోనూ బోర్డులున్నాయి. నెగ్గినవాళ్లు కొలతలూ వైద్య పరీక్షలూ దాటాలి. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లుంటే చాలదు, కాలి పొడవు 99కి తగ్గకూడదు, 120కి మించకూడదు. కాక్‌పిట్‌లో ఇమడాలి కదా. అన్నీ కలిసివస్తే చేరేది హైదరాబాద్ శివారులోని దుండిగల్ అకాడమీకి. తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురు 2016 జూన్ 18న కమిషన్ పొందింది అక్కడే.

సన్నద్ధత

ఒకసారి తప్పితే మళ్లీ ఫ్లయింగ్ శాఖకు దారి లేదన్న నిబంధన కఠినంగా కనిపిస్తుంది. అకాడమీలో ఎగిరే శిక్షణ నుంచి తొలగించినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. దీనికి తర్కం లేకపోలేదు. యంత్రం మీద చేసే పని ఎవరికైనా మళ్లీ మళ్లీ చేస్తే మెరుగవుతుంది. రెండోసారి వచ్చిన మార్కులో సహజ నేర్పు ఎంత, అలవాటు ఎంత అన్నది విడదీయలేం.

కోచింగ్ మాత్రం ఇక్కడ సగం దూరమే తీసుకెళ్తుంది. డయళ్ల భాగం చదివితే వచ్చేదే. ముళ్లు ఎటు తిరిగితే విమానం ఎటు వంగుతుందో వారం పది రోజులు కూర్చుంటే పట్టుబడుతుంది. సూచనలు శ్రద్ధగా వినడం, ప్రయోగాత్మకంగా ఇచ్చే తొలి ప్రయత్నాలను వృథా చేసుకోకపోవడం, ముందు రాత్రి నిద్రపోవడం కూడా లాభమే. వీడియో గేమ్‌లు, ఇంటర్నెట్‌లో దొరికే నకలు ప్రోగ్రాములు తెర బెరుకు తీరుస్తాయి. అంతకుమించి వాటికి డబ్బు పోయడంలో అర్థం లేదు.

ఒక్క అవకాశమే ఇచ్చే మన పద్ధతికి అమెరికా వైమానిక దళం ఎదురు దారి పట్టింది. అక్కడి పైలట్ ఎంపిక మార్కులో రాత పరీక్ష, కంప్యూటర్ పరీక్షలతో పాటు అభ్యర్థి సొంత ఖర్చుతో ఎగిరిన గంటలనూ కలుపుతారు. చాలాకాలం 201 గంటల దాకా ఎగిరినకొద్దీ మార్కు పెరిగేది. గంటలు కొనుక్కోలేని ఇళ్ల పిల్లలకు ఇది అడ్డంకి అవుతోందన్న వాదన వచ్చాక, 2020ల్లో ఆ పరిమితిని 61కి దించారు. పరీక్షను మళ్లీ రాసే అవకాశమూ ఉంది. మన దగ్గర సి.పి.ఎస్.ఎస్. తప్పినవాళ్లకు మిగిలే దారి గ్రౌండ్ డ్యూటీ శాఖలే.