జొన్నగింజ చెప్పిన సాక్ష్యం

లక్సెట్టిపేట, జన్నారం, ఆసిఫాబాద్ – పాత ఆదిలాబాద్ జిల్లాలో ఎటు పోయినా వెనకటి తరం కడుపు నింపింది జొన్నే. జొన్న గట్క, జొన్న రొట్టె, ఎండాకాలం అంబలి. షుగర్ వచ్చినవాళ్లు ఇప్పుడు మళ్లీ ఆ రొట్టె దగ్గరికే వస్తున్నారు. అలాంటి గింజ పేరు నల్లగొండ వైపు పిల్లల కాళ్లు వంకరపోయిన కేసులో వినబడిందని తెలిసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. అసలు జరిగిందేమిటో మొదటినుంచీ చూడాలనిపించింది.

మొదటి ఆనవాలు పట్టింది డాక్టర్లు కాదు, దున్నుకునే రైతులు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోయేవి. కొన్నేళ్లకు మనుషుల్లోనూ అదే కనబడింది. నడుము వంగదు, మెడ తిరగదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఆ జబ్బు పేరు తేల్చారు: ఫ్లోరోసిస్. దోషి బావినీళ్లలోని ఫ్లోరైడ్. గ్రానైట్ రాళ్లలోంచి నీళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. చెయ్యి చాచి సాయం అడిగే వయసు వచ్చేసరికి మనిషి కొయ్యబారిపోతాడు.

కేసు అక్కడితో ముగిసిందనుకున్నారు.

1970ల మొదట్లో నాగార్జునసాగర్ చుట్టుపక్కల పల్లెల్లో కొత్తరకం జబ్బు బయటపడింది. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఈసారి బాధితులు ముసలివాళ్లు కాదు, ఎదిగే వయసు పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఆ ఊళ్లు తిరిగారు. 1973లో లాన్సెట్ పత్రికలో తాము చూసింది రాశారు.

ఎక్స్‌రేలు చిక్కును ఇంకా బిగించాయి. వెన్నెముక మామూలు ఫ్లోరోసిస్‌లో లాగే గట్టిపడి ఉంది. కాళ్లూ చేతుల ఎముకలు మాత్రం గుల్లబారాయి. ఒకే ఒంట్లో ఒకచోట ఎముక మితిమీరి గట్టిపడటం, మరోచోట మెత్తబడటం! ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే ఇలా ఎందుకవుతుంది? పైగా ఆ బావుల్లో ఫ్లోరైడ్ తాతల కాలం నుంచీ ఉంది. మరి ఈ కాళ్లు ఇప్పుడే ఎందుకు వంగాయి?

ఇప్పుడు కొత్తగా వచ్చింది ఏమిటి అని అడిగితే, అది కళ్లెదుటే ఉంది: డ్యామ్. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లు ఊరి చుట్టూ ఊరడం మొదలై భూగర్భజలం పైకొచ్చింది, నేల క్షారగుణం పెరిగింది. తుంగభద్ర పక్కన హోస్పేట నుంచి, తమిళనాడులో పరంబికులం–ఆళియారు ప్రాజెక్టు ఉన్న కోయంబత్తూరు వైపు నుంచి కూడా అలాంటి కాళ్ల కబురే వచ్చింది.

అయినా నీళ్లకీ మోకాలికీ మధ్య ఒక లంకె తక్కువ. అది పళ్లెంలో దొరికింది. జబ్బు పడ్డవాళ్లు బీదవాళ్లు, జొన్న తినేవాళ్లు. దేవస్థలే, కృష్ణమాచారి తదితరులు ఆ ఊళ్ల గింజలను పరీక్షిస్తే మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా తేలింది. రోగుల రక్తంలో రాగి తక్కువగా ఉంది.

ఈ జోడీ ఇంగ్లండ్‌లో అంతకుముందే దొరికింది. సోమర్‌సెట్ పచ్చికబయళ్లలో మేసిన పశువులు పారుకుంటూ చిక్కిపోయేవి. 1938లో ఫర్గూసన్ బృందం ఆ గడ్డిలో మాలిబ్డినం మితిమీరి ఉందని కనిపెట్టింది. పశువులకు మైలుతుత్తం పెడితే కోలుకున్నాయి. మైలుతుత్తంలో ఉన్నది రాగి. మాలిబ్డినం ఒంట్లోని రాగిని పనికిరాకుండా చేస్తుంది. ఎముకకు పునాది అయిన కొల్లాజెన్ పోగులు బిగిసేది రాగి సాయంతోనే. క్షారం పెరిగిన నేలలో ఇనుము, జింకు, రాగి మొక్కకు అందడం తగ్గుతుంది. మాలిబ్డినం దానికి ఎదురు, బాగా కరిగి వేరుకు అందుతుంది.

దీనికి మరో తోడు దొరికింది. 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య వరి అన్నం తిన్నవాళ్లనూ జొన్న తిన్నవాళ్లనూ పోల్చి చూస్తే, జొన్న తిన్నవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచింది. అంటే ఒకే బావి నీళ్లు తాగినా బీదవాడి ఎముకకే దెబ్బ పెద్దది. ఫ్లోరైడ్ వెన్నును బిగించింది. రాగి లేమి ఎదిగే కాళ్లను మెత్తబరిచింది. ఒంటి బరువు మోయలేక అవి వంగాయి. ఆ శాస్త్రవేత్తలు ఆనవాళ్లను కలిపి చెప్పిన కథ ఇది. నాకు నమ్మదగిందిగానే తోస్తుంది.

జొన్న ఇందులో దోషి కాదు, సాక్షి. నేల మారితే గింజ మారుతుంది, ఆ మార్పు పళ్లెంలోకి వచ్చాక కూడా కంటికి కనబడదు. ప్రాజెక్టు కట్టేటప్పుడు ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్కేసిన ప్రభుత్వం, ఆ తడి నేలలో పండిన గింజను పరీక్షించే పని కూడా అప్పుడే చేపట్టాల్సింది. ఆ పని పిల్లల కాళ్లు వంగాక మొదలైంది. అది క్షమించరానిది.

లక్సెట్టిపేట పొలాలకు కడెం కాలువ వస్తుంది, దిగువన గోదావరి మీద ఎల్లంపల్లి జలాశయం నిలిచింది. నీళ్లు రావడం మంచిదే. ఆయకట్టు గింజనూ బోరు నీళ్లనూ ఏటా పరీక్షించమని అధికారులను అడగండి. మీ ఇంటి బోరు నీళ్లను ఈలోగా మీరే ల్యాబ్‌కు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికీ వంటకీ వాడొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.